ఆరో రీలు, ఏడో రీలు

ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూడందే నేను వీధి మలుపు దాటను. నాలుగోసారి లాగడానికి సగం దారిలోంచి వెనక్కి వచ్చిన రోజులూ ఉన్నాయి. సూర్యాపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్ళికార్డుల ప్రూఫులు దిద్దడం నా పని. ముహూర్తం గంట, పెళ్ళికొడుకు ఇంటిపేరు, ఫంక్షన్ హాలు ఏ రోడ్డులో ఉంది, ఇవన్నీ ఒక్కో కార్డులో నాలుగుసార్లు చూస్తాను. మా యజమాని "సుగుణమ్మా, ఇగ ఇడువు తల్లీ, పిల్లలు పుట్టినంక అచ్చేద్దామా ఏంది పెండ్లి కార్డు?" అని ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. ఈ కంగారు నాకు పుట్టుకతో వచ్చిందని మా వాళ్ళంతా అనుకుంటారు. పుట్టుకతో రాలేదు. ఏ ఇంట్లో, ఏ మధ్యాహ్నం పూట వచ్చిందో నాకు బాగా గుర్తుంది. ముప్పై అయిదేళ్ళ పైచిలుకు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్నొక ఆదివారం నీహారిక వచ్చి తన ఫోను నా చెవి దగ్గర పెట్టకపోతే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదేమో.

నీహారిక మా శీను బావ కూతురు. శీను బావ మా మేనత్త కొడుకు, కోదాడలో ఉంటాడు. ఈ పిల్లకు ఇంజనీరింగ్ చదువు కన్నా సైన్సు సినిమాల పిచ్చి ఎక్కువ. అందులోనూ కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే సినిమాలంటే ప్రాణం పెడుతుంది. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. కోదాడ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలంతా కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఫలానా ఆవిడ గతంలోకి పోయినప్పుడు తన తల్లిని ఎందుకు కలవలేదు, కలిస్తే ఇప్పుడీవిడ ఉంటుందా మాయమవుతుందా అని పొద్దస్తమానం అందులో కొట్టుకుంటారు. కాగితాల మీద గీతలు గీసి, బాణాలు వేసి, ఫోటోలు తీసి పెడతారు. ఆ గ్రూపులోకి ఎవరో ఒక పాత డబ్బింగ్ సినిమాను తవ్వి తెచ్చారట. "పిన్నీ, మా నాన్న, యాదగిరి మామయ్య ఎప్పుడు కలిసినా పోట్లాడుకుంటారు చూడు, ఆ రైలు గేటు సినిమానే! మొత్తం దొరికింది!" అంటూ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చింది.  "ఇదిగో, గ్రూపులో ఒకడి తాతట, ఎంత మొండోడో విను," అని ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది.

"నేను సూసిన పిల్లలూ. ఒక్కసారి గాదు, వారం దినాలు సూసిన. గా నల్లకోటాయనకు అంతా ఎరుకే. ఎరుకుండే అన్నను పిలువకుండ ఊకున్నడు," అంటోంది ఒక ముసలి గొంతు. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. కింద పిల్లలు పెట్టిన నవ్వు బొమ్మలకు లెక్కలేదు. తాతకు మతి తప్పిందని ఒకడు, తాత వేరే లోకంలో సినిమా చూసి వచ్చిండని ఇంకొకడు రాశారు. ఆ తర్వాత ఆ తాత మనవడు, మహేశ్ అట, పెట్టిన రాత ఉంది. "మా తాత అప్పట్ల మిర్యాలగూడ టాకీసుల పనిచేసిండు. రీళ్ళు తారుమారు చేసిండని తీసేసిన్రు. గందుకే తప్పు యాదికున్నదేమో. తాత సారీ చెప్పమన్నడు."

ఆ గొంతు సైదులు మామది. ఆయన కొలువు పోయింది నా వల్ల. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని పిల్లలకు సారీ చెప్తున్నాడు. నీహారిక "పిన్నీ, ఏమైంది? చాయ్ పొంగిపోతోంది!" అని అరిచేదాకా నేను పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాను.

మిర్యాలగూడలో మా ఇల్లు టాకీసు వెనక సందులో ఉండేది. రెండు గదులు, ముందు రేకుల పంచ, కిరాయి ఇల్లు. ఆ ఊరి గాలిలో ఎప్పుడూ ఉడికిన వడ్ల వాసన. చుట్టూ రైసు మిల్లులే కాబట్టి పొగగొట్టం ఊదడం మొదలుపెట్టిందంటే ఊక బూడిద నల్లగా రాలి ఆరేసిన బట్టల మీద పడేది. మా అమ్మ సగం జీవితం ఆ బూడిదతో యుద్ధానికే సరిపోయింది. కూరలో ఉప్పు వేస్తూ వేస్తూ ముక్కు ఎగబీల్చి, "సుగుణా, బట్టలూ!" అని కేక పెట్టేది. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, అన్నీ వదిలేసి తీగ దగ్గరికి పరుగెత్తాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే నాయన తెల్ల బనీను మీద నల్ల చుక్కలు పడేవి. ఇక ఆ పూటంతా అమ్మ నోటికి మూత ఉండేది కాదు. ఇప్పటికీ ఎవరైనా "బట్టలు" అని గట్టిగా అంటే నా కాళ్ళు ముందు కదులుతాయి.

నాయన ఆ టాకీసులో ఆపరేటరు. తెగిన ఫిల్మును అతికించే మందు ఒకటి ఉండేది, అచ్చం అరటిపండు వాసన. నాయన చేతులు ఎంత తోమినా ఆ వాసన పోయేది కాదు. అన్నం కలిపి నా నోట్లో ముద్ద పెడితే మామిడికాయ పప్పులో కూడా అరటిపండే తగిలేది. రోజుకు నాలుగాటలు నడిపే మనిషికి ఒక్క సినిమా కథ కూడా తెలియదంటే స్నేహితులు నమ్మేవారు కాదు. "నాకు కథ తెల్వదు బిడ్డా, నాకు ఎలుతురే తెలుసు. తెర మీద ఎలుతురు సమంగ పడ్తుందా లేదా, గంతే," అనేవాడు. మాట తక్కువ, కోపం ఇంకా తక్కువ. పని విషయంలో మాత్రం ఆయన పెట్టిన పద్ధతి దాటితే ఊరుకునేవాడు కాదు.

నాయన కింద పనిచేసే మనిషే సైదులు మామ. పాలకీడు వైపు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, నచ్చక పట్నం చేరినవాడు. అప్పటికే నలభై ఏళ్ళుంటాయి. బస్టాండు నుంచి ఫిల్ము పెట్టె రిక్షాలో వేసుకు రావడం, ఆడిన రీలును మళ్ళీ మొదటికి చుట్టడం, చుట్టినదాన్ని దాని డబ్బాలో పెట్టడం ఆయన పని. కుడిచేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి ఫిల్మును పోనిచ్చేవాడు. కళ్ళు మూసుకుని కూడా చిరుగు ఎక్కడుందో చెప్పగలడు. టక్కున ఆపి, "గీడ తెగనీకున్నదన్నా," అనేవాడు. నాయన చూస్తే నిజంగానే అక్కడ వెంట్రుక మందాన చీలిక ఉండేది. "సైదులు చెయ్యి కింద చిరుగు దాసుకోలేదు," అని నాయన నలుగురిలో చెప్పేవాడు. అలా చెప్పినప్పుడు సైదులు మామ తన చెయ్యి వెనక్కి పెట్టుకుని సిగ్గుపడేవాడు. నాకు తెగిపోయిన ఫిల్ము ముక్కలు అగ్గిపెట్టెలో దాచి తెచ్చేది ఆయనే.

ఇక నా పని చీటీలు. రీళ్ళు వచ్చే రేకు డబ్బాల మీద నంబరు చీటీలు అతికించి ఉండేవి. ఊరూరా తిరిగి వచ్చిన పాత ప్రింట్లకు రీలు మొదట్లో నంబరు ఉండే ముక్క ఎప్పుడో తెగిపోయి ఉండేది. డబ్బా మీది చీటీ ఒక్కటే ఆధారం. ఆ చీటీలేమో చిరిగి, నూనె పట్టి, చీమలు తిని ఉండేవి. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాయన నాకు అప్పగించాడు. గురువారం పెట్టె వస్తే టాకీసులో మధ్యాహ్నం ఆట అయ్యేదాకా మా పంచలోనే దించేవారు. అమ్మ మైదాపిండి ఉడికించి ఇచ్చేది. నాయన ప్రతిసారీ, ఆటకు పోయే ముందు గుమ్మంలో ఆగి ఒకే మాట చెప్పేవాడు. "ఒకటి ఊడదియ్యి, ఒకటి అతికియ్యి. గప్పుడే ఇంకోటి ముట్టు. అన్ని ఒక్కపారి ఊడదియ్యకు బిడ్డా."

ఆ గురువారం నేను అన్నీ ఒక్కసారే ఊడదీశాను. ఎనిమిదో తరగతి. వేసవి సెలవులు. పక్కింట్లో పిల్లలు అష్టాచెమ్మా పరిచి నన్ను పిలుస్తున్నారు. తడిగుడ్డతో పది డబ్బాల మీది చీటీలూ నానబెట్టి గీకి పారేస్తే పని తొందరగా అయిపోతుంది, డబ్బాలు ఎలాగూ వరసలోనే ఉన్నాయి కదా అనుకున్నాను. అయిదు దాకా అతికించాను. అంతలో అమ్మ "సుగుణా, బట్టలూ!" అంది. లేచిన ఊపులో నా పరికిణీ తగిలి డబ్బాలు రెండు దొర్లిపోయాయి. బట్టలు తెచ్చి మంచం మీద పడేసి వచ్చి చూస్తే ఒకటి గోడ దగ్గర ఉంది, ఇంకొకటి గడప దగ్గర ఉంది. ఏది ఆరు? ఏది ఏడు? గడప దగ్గరిదే ఆరు అని అనిపించింది. అనిపించింది, అంతే. పరుగెత్తి నాయనను అడిగితే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి ఏదో ఒకటి తేల్చేవాడు. అడగలేదు. ఒక్కొక్కటే ఊడదియ్యమన్నాను కదా అంటాడని భయం. గడప దగ్గరి దానికి ఆరు అతికించి, గుండ్రంగా, అందంగా అతికించి, ఆటకు పోయాను. ఆ ఆటలో వరసగా ఓడిపోయాను.

ఇంగ్లీషు సినిమాలు తెలుగులోకి మార్చినవి మా ఊళ్ళో పొద్దుటి ఆటకే వేసేవారు. శుక్రవారం నేను, మా అన్న యాదగిరి కింది బెంచీలో కూర్చున్నాం. కథ చెప్తాను, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. నల్లకోటు వేసుకున్న ఒకాయన. ఆయన చిన్నప్పుడు వాళ్ళ అన్న సైకిలు మీద రైలు గేటు దాటుతూ చనిపోయాడు. పెద్దయ్యాక కోటాయన ఒక ఇనప గదిలో కూర్చుని గతంలోకి పోతాడు, అన్నను కాపాడదామని. ఒకచోట గేటు పక్కన నిలబడి ఉంటాడు. అన్న సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. కోటాయన చెయ్యి ఎత్తుతాడు, పిలవడు. రైలు వచ్చేస్తుంది. ఇంకొకచోట ఒక ముసలి శాస్త్రవేత్త, నీ అన్న బతికితే నీ జీవితం వేరే దారి పడుతుంది, నీ కూతురు పుట్టదు అని చెప్తే కోటాయన కుప్పకూలి ఏడుస్తాడు. మేం చూసిన వరసలో ముసలాయన ముందు చెప్పాడు. ఆ తర్వాత కోటాయన గేటు దగ్గర నిలబడి, అన్నీ తెలిసి, అన్నను పిలవకుండా ఊరుకున్నాడు. మా అన్న పక్కన కూర్చుని "అమ్మా! ఎంత గుండె ధైర్యంరా నీది!" అని గట్టిగా అన్నాడు. నాకు మాత్రం ఒకటే అనుమానం. ఇది సరైన వరసేనా? అసలు సంగతేమిటంటే తేల్చుకునే దారి లేదు. మామూలు సినిమా అయితే పెళ్ళి ముందొచ్చి చూపులు తర్వాత వస్తే ఊరంతా ఈలలు వేసేది. ఇది కాలం అటూ ఇటూ అయ్యే సినిమా. తప్పు వరస కూడా ఒప్పులాగే ఉంది.

ఇంకో చిక్కుండేది. ముసలాయన దగ్గర ఏడ్చేటప్పుడు కోటాయన చేతికి కట్టు ఉంది. తర్వాత గేటు దగ్గరికి వచ్చేసరికి కట్టు లేదు. రైలు పోయాక గేటును గుద్దుకుంటే అప్పుడు చెయ్యి పగిలింది. ఆ సాయంత్రం చాయ్ హోటలు ముందు దీని మీద పెద్ద పంచాయితీ. చూసిన వాళ్ళంతా అక్కడే. మా అన్న బల్ల ఎక్కినంత పని చేశాడు. "కాలం ఎనకకు పోతుంది కదనే! అసొంటప్పుడు కట్టు ముంగల అస్తది, దెబ్బ ఎనక తగుల్తది. గదే సైన్సు!" అన్నాడు. ఆహా అన్నారు జనం. ఆ సిద్ధాంతంతో వాడు వారం రోజులు ఊళ్ళో హీరో. నేను మాత్రం ఆ కట్టు దగ్గరే ఆగిపోయాను. కట్టు ముందు, దెబ్బ తర్వాత. శుక్రవారం సాయంత్రానికే నాకు తెలిసిపోయింది. ఆ క్షణం నుంచి "తెలియదు" అనే మాట నాకు చెల్లదు.

శనివారం చెప్దామనుకున్నాను. నాయన తలనొప్పితో పడుకున్నాడు. ఆదివారం రద్దీ. సోమవారం చెప్పడానికి నాయన ప్రొజెక్టరు నడిపే క్యాబిన్ మెట్లు ఎక్కాను కూడా. సైదులు మామ రీలు చుడుతూ, "రా బిడ్డా, కోటాయన ఏడుస్తుండు, సూస్తవా?" అని తెర కనిపించే కంత దగ్గర నాకు జాగా ఇచ్చాడు. చూసి దిగి వచ్చేశాను. బుధవారం సినిమా పంపిన వాళ్ళ మనిషి లెక్క చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చి, పని లేక హాలులో కూర్చుని, సగంలో లేచి అరిచాడు. ఆరు డబ్బాలో ఏడు ఉంది, ఏడు డబ్బాలో ఆరు ఉంది. రీలు చుట్టి డబ్బాలో పెట్టేది ఎవరు? సైదులు. ఇంక వేరే ఆలోచన ఎవరికి వస్తుంది?

నేను మేనేజరు గది కిటికీ బయట నిలబడి విన్నాను. మేనేజరు నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. నాయన మెల్లగా అడిగాడు. "నువ్వే ఏసినవా సైదులూ?"  "నేనే ఏసిన్నేమో అన్నా. నాకైతే యాదికి లేదు. కని నేను గాక ఇంకెవలేస్తరు?" అన్నాడు సైదులు మామ. రెండు చేతులూ ముందుకు చాపి వాటి వైపే చూస్తున్నాడు.

ఆ రోజు అన్నం తినేటప్పుడు నాయన ముద్ద కలిపి ఆపాడు. "బిడ్డా, చీటీలు ఒక్కొక్కటే అతికిచ్చినవ్ కద?"  "ఆఁ నాయినా," అన్నాను. ఆయన తల ఊపి ముద్ద నా నోట్లో పెట్టాడు. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ పోగేసినా ఆ ఒక్క "ఆఁ"కి సరితూగవు. చెప్తే నాయన కొలువు పోతుందేమో అని భయపడ్డానని తర్వాత్తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. దెబ్బలు పడతాయని కూడా కాదు, ఆయన ఎప్పుడూ కొట్టలేదు. నా గుండ్రటి అంకెలను నాయన మళ్ళీ మెచ్చుకోడేమో అని, అంతే. దాని కోసం ఒక మనిషి కొలువు పోయింది. గురువారం సైదులు మామ మా గుమ్మంలోకి వచ్చి క్యాబిన్ తాళంచెవి నాయనకిచ్చి, నా చేతిలో ఒక అగ్గిపెట్టె పెట్టి, బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాడు. ఆ అగ్గిపెట్టెలో ఏ ముక్క ఉందో నేను వెలుతురుకు పెట్టి చూడలేదు.

రీళ్ళ వరస ఆ హైదరాబాదు మనిషే సరిచేసి పెట్టెను కోదాడ పంపించాడు. కాబట్టి కోదాడ జనం చూసింది అసలు సినిమా. అందులో కోటాయన గేటు దగ్గర నిలబడింది ముందు. ప్రమాదం రేపు జరుగుతుందనుకున్నాడు. ఇవాళ్టికి ఎవరితోనూ మాట్లాడకూడదు, రేపు పిలుద్దాం అనుకుని ఊరుకున్నాడు. కూతురి సంగతి ఆ తర్వాతే తెలిసింది. టాకీసు పరువు పోతుందని మిర్యాలగూడలో రీళ్ళ గొడవ బయటికి పొక్కనివ్వలేదు. నాయన కూడా ఇంట్లో ఎత్తలేదు. ఇక చూడండి. ఆ దసరాకు మా అన్న, శీను బావ కలిశారు. "కోటాయన తెలిసే ఊకున్నడు," అన్నాడు అన్న. "పోవోయ్, తెలీక ఊరుకున్నాడు. నువ్వసలు సినిమా చూశావా, నిద్రపోయావా?" అన్నాడు బావ. అంతే, మొదలైంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చివరికి మా నాయన దినవారాల్లో కూడా విస్తళ్ళ ముందు కూర్చుని అదే గొడవ. ఒకసారి మాటా మాటా పెరిగి ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. కూతురి కోసం అన్నను వదిలేసిన వాడు మనిషా అని బావ, అదే అసలైన తండ్రితనమని అన్న. సినిమా ఎక్కడా మళ్ళీ దొరకదు, తేలదు. నేను మధ్యలో నీళ్ళు పోస్తూ, పచ్చడి వేస్తూ తిరిగేదాన్ని. "నువ్వూ చూశావుగా సుగుణా, చెప్పు!" అని బావ అడిగితే, "నాకు గుర్తు లేదు బావా," అనేదాన్ని.

ఇప్పుడు తేలిపోయింది. ఆ ఆదివారం నీహారిక నా మంచం మీద కూర్చుని, వేలితో బొమ్మను వెనక్కి జరిపి, ముందుకు జరిపి, కోటాయన చెయ్యి పెద్దది చేసి చూపించింది. "చూడు పిన్నీ, ఇక్కడ కట్టు లేదు. ఇక్కడ ఉంది. అయిపోయింది. ఆ తాత మాట తప్పు." మేం ముప్పై అయిదేళ్ళు మోసిన సందేహాన్ని ఈ పిల్ల అర నిమిషంలో ఖతం చేసింది. అప్పట్లో ఒకసారి చూసిందే సత్యం. మళ్ళీ చూసుకునే వీలు లేదు కాబట్టి దాన్ని నమ్మి, దాని కోసం చుట్టాలతో కూడా వైరం పెట్టుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు అన్నీ వెనక్కి జరుపుకునే వసతి ఉంది, అయినా వాళ్ళూ కొట్టుకుంటూనే ఉన్నారు. అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ పిల్ల వేలు చూస్తుంటే ఒకటే అనిపించింది. ఆ గురువారం మధ్యాహ్నాన్ని ఎవరు జరుపుతారు?

మర్నాడు ప్రెస్సుకు సెలవు పెట్టాను. తాళం ఎన్నిసార్లు లాగానో లెక్క లేదు. నేరేడుచర్లలో బస్సు దిగి పాలకీడు షేర్ ఆటో ఎక్కాను. దారంతా అటూ ఇటూ వరి పొలాలు, ఆటోలో నా ఒళ్ళో ఎవరిదో విత్తనాల సంచి. వెనక్కి తిరిగి పోదామా అని ప్రతి ఊరి దగ్గరా అనిపించింది. ముసలాయన, పాత గాయం కెలకడం ఎందుకు? నాకు మనశ్శాంతి కోసం ఆయన మనశ్శాంతి చెడగొడుతున్నానా? ఇలాంటి మంచి మంచి ప్రశ్నలు పారిపోయేవాళ్ళకే పుడతాయని నాకు తెలుసు, అయినా పుడుతూనే ఉన్నాయి.

సైదులు మామ దొడ్డి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎండిపోయాడు, కానీ చేతులు అవే. పేరు చెప్పగానే, "ఆపరేటరన్న బిడ్డవా! ఎంత దొడ్డదానివైనవ్! మహేశూ, నీళ్ళు తేరా," అని హడావిడి చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాయి. ఆ మనవడు నీళ్ళిస్తూ, "మా తాతకు చాదస్తం మస్తుంటది అత్తా. తలుపు గొళ్ళెం మూడుసార్లు సూస్తడు. గొర్లను రెండుసార్లు లెక్కబెట్టనిది బువ్వ ముట్టడు," అని నవ్వాడు. సైదులు మామ కూడా నవ్వి, "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదురా. గా రీళ్ళ కాడ పోయింది నమ్మకం," అన్నాడు. నేను నీళ్ళ చెంబు కింద పెట్టేశాను.

"మామా," అన్నాను. "నీ చెయ్యి తప్పు చెయ్యలే. చీటీలు నేను తప్పు అతికిచ్చిన. నాయిన ఒక్కొక్కటే ఊడదియ్యమన్నడు. నేను అన్ని ఒక్కపారి ఊడదీసిన. ఆరుకు ఏడు, ఏడుకు ఆరు అతికిచ్చిన. నువ్వు చీటీ సూసి సరిగనే పెట్టినవ్ మామా. చీటీయే తప్పు."

 ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాడు, మధ్యలో ఫిల్ము పోతున్నట్టే. "అయితే నేను ఎయ్యలేదా?" అన్నాడు. "ఎయ్యలేదు మామా." "ఇన్నవారా? నేను ఎయ్యలేదంట," అన్నాడు మనవడితో. మళ్ళీ అన్నాడు, "ఎయ్యలేదంట." తర్వాత నా వైపు తిరిగాడు. "మీ నాయినకు ఎరుకనా?" "లేదు మామా. పోయేదాక చెప్పలే." "గప్పుడే చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు. తిట్టలేదు. తిడితే నాకు కొంచెం ఊపిరి ఆడేది.

మహేశ్ ఫోను తీసుకుని గ్రూపులో నేనే మాట్లాడాను. ఈ తాత చెప్పింది నిజమేననీ, మిర్యాలగూడలో మేమంతా అలాగే చూశామనీ, రీళ్ళు తారుమారు చేసింది ఆయన కాదు, ఆపరేటరు కూతురు సుగుణ అనీ చెప్పాను. క్షణాల్లో టింగుమని మెసేజీలు. ఒక్కడూ నన్ను తిట్టలేదు. మిర్యాలగూడ కోటాయన వేరు, కోదాడ కోటాయన వేరు అని, ఏ కోటాయన గొప్ప అని కొత్త కొట్లాట మొదలుపెట్టారు. ఒకడు అప్పుడే బాణాలు గీసి పెట్టాడు. తాతకు సారీ అని నాలుగైదు వచ్చాయి. మహేశ్ అవి చదివి వినిపిస్తుంటే సైదులు మామ తల ఊపాడు.

"సరే గని," అన్నాడు కాసేపటికి. "అసలు సినిమాల గా కోటాయన తెల్వకనే ఊకున్నడంటవా?"

"తెల్వకనే మామా. ఆపతి రేపు అనుకున్నడు."

"మరి నువ్వు?"

ఆయన కోడలు పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. నా దగ్గర సర్దిచెప్పుకునే మాటలు ఎన్ని ఉన్నాయని! ఏళ్ళ తరబడి దిద్ది దిద్ది పెట్టుకున్నవి. ఒక్కటీ నోటికి రాలేదు. "నాకు తెలుసు మామా," అన్నాను. "తెలిసే ఊకున్న."

ఆయన "ఊఁ" అన్నాడు.  పొద్దు వాలుతోంది. మంద వచ్చే వేళ అయింది, లేచి కర్ర తీసుకుని దొడ్డి తలుపు దగ్గరికి పోయాడు. ఒక్కో గొర్రె లోపలికి దూరుతుంటే దాని వీపు మీద ఎడమచెయ్యి ఆనించి వదులుతున్నాడు. నలభై రెండు. తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. మంచం వైపు నాలుగడుగులు వేశాడు. మనవడు, కోడలు, నేను, ముగ్గురమూ చూస్తున్నాం. ఆగిపోయాడు. నా మొహం వైపు చూడకుండా, "ఇగ అలవాటయింది బిడ్డా," అని వెనక్కి తిరిగి గొళ్ళెం తీశాడు. నేనూ లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన చేత్తో లెక్కపెట్టాడు, నేను కళ్ళతో. "నలభై రెండు," అన్నాడు. "నలభై రెండే మామా," అన్నాను. "ఖాయమేనా?" "ఖాయం." తలుపు వేశాడు.

ఆటో ఎక్కి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. సైదులు మామ మళ్ళీ దొడ్డి గొళ్ళెం తీస్తున్నాడు.